సింహం కంట్లో చిల్లు

ఒకానొక రాజ్యంలో వానల కంటే బిరుదులు ఎక్కువ కురిసేవి. ఆ రాజ్యం పేరు ఏడుమిట్టల సీమ. ఏటా రెండు మంచి వానలు పడితే అక్కడ అదే పండగ. మూడోది పడితే ముసలివాళ్ళు దాని గురించి పదేళ్ళు చెప్పుకునేవాళ్ళు.

దాన్ని ఏలే రాజు గజసింహ ప్రతాపరాయలు. భట్టు ఆయన బిరుదులన్నీ చదివి ముగించేసరికి వడ్డించిన అన్నం చల్లారిపోయేది. పాపం, ఆ మహారాజు జన్మలో వేడన్నం తిని ఎరగడని వంటవాళ్ళు చాటుగా జాలిపడేవాళ్ళు.

రాజు చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఆయన మీద మీకు కోపం వస్తుంది కాబట్టి. ఆయనకున్నది ఒకటే జబ్బు. పదిమంది చూస్తున్నారంటే చాలు, అక్కడ తాను గొప్పగా కనబడి తీరాలి.

ఆ కొలువులో తిప్పన్న అనే హాస్యగాడు ఉండేవాడు. మిరపకాయంత మనిషి, మాట కూడా అంతే ఘాటు. ఇరవై ఏళ్ళుగా రాజును నవ్వించి, ఆ నవ్వు చాటున పదిమందికి పనులు చేసిపెడుతూ వచ్చాడు. ఒకరి శిక్ష తప్పించాడు, ఇంకొకరి ఇల్లు నిలబెట్టాడు. ఈ రాజును బతిమాలితే బిగుసుకుపోతాడు, నవ్విస్తే కరుగుతాడు. తిప్పన్న కొలువులో నేర్చిన విద్యంతా ఇంతే.

తిప్పన్న పుట్టింది కోటలో కాదు. కోటకు కోసు దూరంలో నల్లమిట్ట చెరువుంది. ఆ చెరువు నీరుగట్టి ఇంట్లో పుట్టాడు. నీరుగట్టి అంటే చెరువు తూము తీసి మూసి, కాలువ వెంట నడిచి, ఎవరి మడికి ఎంత నీరు పారాలో అంతే పారించే మనిషి. తిప్పన్న అన్న కదిరప్ప ఇప్పుడా పని చేస్తున్నాడు. డెబ్బై ఏళ్ళవాడు. తల్లి పోయాక తమ్ముణ్ణి భుజాన వేసుకుని కాలువ గట్ల మీద పెంచింది ఆయనే.

కదిరప్ప దగ్గర తాతల నాటి రాగి గిన్నె ఒకటి ఉండేది. దాని అడుగున చిన్న చిల్లు. నీళ్ళ తొట్టిలో తేలవేస్తే ఆ చిల్లులోంచి నీరు ఊరి ఊరి, సరిగ్గా గడియ కాలానికి గిన్నె బుడుంగున మునుగుతుంది. మునిగిందంటే ఒకరి వంతు అయిపోయినట్టు. ఆ మడవ, అంటే మడికి నీళ్ళు పోయే గండి, మూసి పక్కవాడి మడవ తీస్తారు. చెరువు కింద పదహారు ఇళ్ళు, పదహారు గిన్నెలు. మునసబైనా ఒక్క గిన్నే, ముండమోసిన ఆడదైనా ఒక్క గిన్నే.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వంతు మొదలైందంటే చివరి మడి తడిసేదాకా నీరుగట్టి గొంతు తడవకూడదు. ఎవరు పెట్టారో కానీ తెలిసినవాడే పెట్టాడు. మొదటి మళ్ళవాళ్ళ మొహమాటానికి పోయి కొసన ఉన్నవాళ్ళను ఎండగట్టకుండా ఉండాలంటే, పంచేవాడికి కూడా దాహం వేస్తుండాలి కదా! పొద్దున తూము తీస్తే సాయంత్రంలోగా పదహారు మళ్ళూ తడిసేవి. అందుకని ఆ కట్టు ఎవరికీ బరువనిపించలేదు.

ఆ ఏడు ఒక్క వానే పడింది. పెద్దలు చెరువులోకి దిగి తూము మెట్లు చూశారు. ఐదు మెట్లే నీళ్ళలో ఉన్నాయి. "వరి మాట ఎత్తొద్దు. ఇంటికొక మడి, అదీ రాగి" అని అక్కడే నిర్ణయించుకున్నారు. పొలమున్నవాడూ, పొలం లేనట్టే ఉన్నవాడూ ఒకే కొలత మడి వేసుకున్నారు. రాగి బాగానే లేచింది. వెన్ను తీసి గింజ పాలు పోసుకునే వేళయింది. ఇంకొక్క తడి ఇస్తే గింజ గట్టిపడుతుంది, ఇవ్వకపోతే తాలు. చెరువులో ఇక మూడు మెట్లే మిగిలాయి: తడికి ఒక మెట్టు, వానలదాకా ఊరికీ పశువులకీ రెండు.

అప్పుడే రాజుగారికి తామరల మీద మనసు పోయింది.

చెరువు కట్ట కిందనే, కాలువకు మొదట్లో ఒక వసంత మంటపం కట్టించి, దాని ముందు కొలను తవ్వించాడు. కొలువులో లేచి నిలబడి గంభీరంగా ప్రకటించాడు.

"కరువు కాలం. మా రైతుల కష్టం మాకు తెలుసు. మా కొలనుకు మేమూ రైతులాగే ఒక్క గిన్నె నీళ్ళే తీసుకుంటాం. గిన్నె మునగగానే మా మడవ మూసెయ్యండి!"

సభ చప్పట్లతో మారుమోగింది. ఎంత ధర్మం, ఎంత సామాన్య జీవనం! అని పండితులు కళ్ళొత్తుకున్నారు.

"కానీ రాజు గడియను రాగి గిన్నెతో కొలుస్తామా?" అన్నాడు రాజు. "బంగారు గిన్నె చేయించండి. అడుగున మా సింహం ముద్ర ఉండాలి. ఇకమీదట మా గడియను ఆ గిన్నెతోనే కొలవాలి. వేరే గిన్నెతో కొలిచినవాడికి కొరడా దెబ్బలు."

రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా. కంసాలి వణుకుతూ దళసరి బంగారు గిన్నె చేశాడు. ఇక చిల్లు పెట్టాలి. గిన్నె అడుగంతా రాజముద్ర. సింహం పొట్టలో పొడిస్తే రాజద్రోహం, మెడలో పొడిస్తే అంతకంటే ద్రోహం. ఆఖరికి ఆ మహానుభావుడు సింహం కంటి పాప దగ్గర, సన్న సూది మొనతో, ఉందా లేదా అన్నట్టు ఒక బెజ్జం పెట్టి చేతులు దులుపుకున్నాడు.

గిన్నెను కొలువులో అందరికీ చూపించారు. తిప్పన్న దాన్ని వెలుతురుకెత్తి పట్టుకుని చూశాడు. ఆ బెజ్జంలోంచి నీరు దిగాలంటే ఎంతసేపు పడుతుందో నీరుగట్టి ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా?

"ప్రభూ, కంసాలి సింహం కన్ను పొడిచేశాడు" అన్నాడు. "ఇక ఈ సింహానికి కాలువ కొసన ఉన్న మళ్ళు కనబడవేమో!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, ఒక తమలపాకుల చిలక అతని మీదికి విసిరాడు. సభంతా నవ్వింది. కొలువు ముగిసింది. గిన్నె మాత్రం చెరువుకు బయల్దేరింది.

మర్నాడు పొద్దు పొడవగానే తడి మొదలైంది. రాజుది మొదటి వంతు. కదిరప్ప తూము తీయగానే భటులు ఆయన చేతిలోంచి గడ తీసుకుని, బంగారు గిన్నెను తొట్టిలో వేశారు. గిన్నె తేలింది. నడిపొద్దుకు తేలుతూనే ఉంది. పొద్దు కుంకబోయే ముందు మునిగింది. ఒక మెట్టు నీళ్ళు కొలనులోకి పోయాయి. ఆ కొలను తవ్వింది ఇసుక నేలలో. పోసిందంతా తాగేసి అడుగు తడి మాత్రం చూపించింది.

"ప్రభూ, మన గిన్నె కొంచెం నిదానంగా మునుగుతోంది" అని భటులు విన్నవించారు.

"రాజు కాలం నిదానంగానే నడవాలి" అన్నాడు రాజు. ఆ నిదానం ఎంతో ఆయన ఒక్కనాడూ కూర్చుని చూసింది లేదు. "కొలను నిండలేదు కదా. రేపూ ఒక గిన్నె పారించండి."

రెండో రోజు మధ్యాహ్నం కోట వాకిట్లో లింగక్క వచ్చి కూర్చుంది. కాలువ కింద చివరి మడి ఆమెదే. మొగుడు పోయి నాలుగేళ్ళు. ఆ మడి తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు.

"అన్నా, నా మడి కోసం రాలేదు" అంది తిప్పన్నను చూడగానే. "పెద్దన్న నీళ్ళు తాగడం లేదు."

తిప్పన్నకు అప్పుడు కానీ ఆ కట్టు గుర్తు రాలేదు. వంతు మొదలైపోయింది. చివరి మడి తడవలేదు. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు?

పరుగూ నడకా చేసి పోయాడు. కదిరప్ప లింగక్క మడి గట్టు మీద తెల్ల తలపాగాతో కూర్చుని ఉన్నాడు. పెదాలు పగిలి నల్లబడ్డాయి. పక్కన రాగి గిన్నె ఖాళీగా ఉంది.

"వచ్చినావా తిప్పా" అన్నాడు. గొంతు గీరుకుపోయింది. "రాగి చూడు, ఎంత బాగుందో. పాలు పోసుకుంటా ఉంది."

"అన్నా, నీకు దండం పెడతాను. రెండు గుక్కలు తాగు. ఇది నువ్వు చేసిన తప్పు కాదు కదా."

"తప్పెవరిదైతే ఏంరా. తడి మొదలుపెట్టింది నేనే."

"నీకు డెబ్బై ఏళ్ళు."

"తాతకి ఎనభై. ఆయన ఒక్కనాడన్నా ముందు తాగినాడా? ఇప్పుడు నేను తాగినాననుకో. రేపు నా తర్వాత వచ్చేవాడు మొదటి మడి కాడే తాగుతాడు. ఇంక కొస మడికి నీళ్ళెందుకొస్తాయిరా?" కొంచెంసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నువ్వు మాటకారివి. పోయి మీ రాజుతో చెప్పు. నేనీడ కూచొనుంటా."

తిప్పన్న పక్కన కూర్చున్నాడు. అన్న చెయ్యి పట్టుకుంటే కాగిన పెంకులా ఉంది. దారిపొడుగునా ఏడుస్తూ కోటకు వచ్చి, వాకిట్లో మొహం కడుక్కుని, నవ్వు పూసుకుని లోపలికి పోయాడు. హాస్యగాడి బతుకు అలాంటిది.

దీపాలు పెట్టిన వేళ కొలువులో రాజు చిరాగ్గా ఉన్నాడు. రెండో గిన్నె కూడా కొలను తాగేసింది. చెరువులో ఇక ఒక్క మెట్టే మిగిలింది.

'మా అన్న చచ్చిపోతున్నాడు ప్రభూ' అన్న మాట తిప్పన్న నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. బతిమాలితే బిగుసుకునే మనిషి. కొలువు నిండా జనం ఉన్నారు. రాజు తన గిన్నెను అందరి ముందూ వెనక్కి తీసుకుంటాడా? తీసుకోడని ఇరవై ఏళ్ళ అనుభవం చెప్పింది. తిప్పన్న ఆ మాట మింగి, తనకు తెలిసిన దారిలోనే పోయాడు.

"ప్రభూ, గిన్నెలతో కొలను నిండుతుందా? వాన కావాలి. వానకు మన వంశాచారం ఒకటుంది, తమరి తాతగారు చేశారు. కరువు ఏడు రాజు పొద్దున్నే చెరువు తూము రాతి మీద గొడుగు లేకుండా, కిరీటం లేకుండా, పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఒక్క గడియ కూర్చుంటాడు. అంతసేపూ తూము మూసి ఉంచాలి. వరుణుడు సిగ్గుపడి కురుస్తాడట."

"ఒక్క గడియేనా?"

"ఒక్క గడియే. మధ్యలో లేస్తే మాత్రం ఉన్న మబ్బు కూడా పారిపోతుందట. చూడ్డానికి ఏడు మిట్టల జనమూ వస్తారు ప్రభూ."

జనం వస్తారనగానే రాజు మీసం సవరించుకున్నాడు. "రేపే కూర్చుంటాం."

"గడియ కొలవడానికి ఆ రాగి గిన్నె తెప్పించమంటారా?"

"ఛీ! రాజు గడియకు రాగి గిన్నెనా? మా శాసనం అప్పుడే మర్చిపోయావా?"

"చిత్తం ప్రభూ. మర్చిపోకూడదనే అడిగాను."

తిప్పన్న వేసిన అంచనా ఇది. పట్టుపాన్పు మీద పుట్టిన మనిషి. వైశాఖ మాసపు ఎండ. తూము రాయి పెనంలా కాలుతుంది. మహా అయితే ఒక జాము ఓర్చుకుంటాడు. పొద్దు బారెడెక్కేసరికి నీళ్ళో అని అరుస్తాడు. తన గిన్నెను తానే తిట్టుకుంటాడు. నడిపొద్దులోగా తూము తెరుచుకుంటుంది, అన్న గొంతు తడుస్తుంది.

మూడో రోజు పొద్దున కట్ట మీద జనం బారులు తీరారు. రాజు కిరీటం తీసి, ఉత్తరీయం సర్దుకుని, తూము రాతి మీద వీరాసనం వేశాడు. భటులు తూము మూశారు. తిప్పన్న బంగారు గిన్నెను తొట్టిలో వేశాడు. అది హంసలా తేలింది.

కట్ట మీద నుంచి చూస్తే కాలువ కొస కనబడుతుంది. అక్కడ లింగక్క మడి గట్టు మీద తెల్ల తలపాగా ఒకటి నిటారుగా ఉంది. తిప్పన్న ఒక కన్ను గిన్నె మీద, ఒక కన్ను దాని మీద పెట్టుకుని నిలబడ్డాడు.

పొద్దు బారెడెక్కింది. రాజు మెడ మీద చెమట కాలువలు కట్టింది.

"తిప్పన్నా, గడియ కాలేదా?"

"ఇంకా లేదు ప్రభూ. గిన్నెలో నీళ్ళు ఇంకా సింహం మీసం దాకా కూడా రాలేదు."

"ఏమిటింత ఆలస్యం?"

"రాజు కాలం నిదానంగా నడవాలని తమరే సెలవిచ్చారు కదా."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు అది విన్నాడు. వెన్ను మరింత నిటారుగా పెట్టాడు.

ఆ వెన్ను చూడగానే తిప్పన్నకు భయం వేసింది. రాజు గర్వం ఎంతో లెక్క వేశాడు కానీ తక్కువ వేశాడు. ఇరవై ఏళ్ళు దాని నీడనే బతికినవాడు కూడా దాని లోతు చూడలేదు. పదివేల కళ్ళ ముందు ఈ మనిషి నీళ్ళు అడగడు. చచ్చినా అడగడు.

రెండో జాము గడిచింది. రాయి కాలుతోంది. రాజు పెదాలు నాలుకతో తడుపుకోబోతే నాలుకే ఎండిపోయి ఉంది. తిప్పన్న కొస వైపు చూశాడు. తెల్ల తలపాగా ఒక పక్కకు ఒరిగి ఉంది.

"ప్రభూ" అన్నాడు వంగి, రాజుకు మాత్రమే వినబడేలా. "చల్లటి మజ్జిగ ఉంది. నిమ్మాకు వేసి చిలికింది. కుండ మీద నీటి చెమ్మ కూడా దిగుతోంది. ఒక్క మాట అనండి చాలు."

"నన్ను పరీక్షిస్తున్నావట్రా? గజసింహుడు మాట తప్పడు."

"మాట తప్పక్కర్లేదు ప్రభూ. గిన్నె తప్పు అనండి. అందరూ ఒప్పుకుంటారు."

"రాజు గిన్నె తప్పు కొలుస్తుందా?"

తిప్పన్న తొట్టి వైపు జరిగాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఆట మొదలుపెట్టింది తానే, ప్రాణం మాత్రం అన్నది. గిన్నెను చేత్తో ముంచేద్దామా అనుకున్నాడు. ముంచితే కొరడా దెబ్బలు తిని ఊరుకోవచ్చు. కానీ బంగారు గిన్నె శాసనం అలాగే ఉంటుంది, రేపు పొద్దున ఆ మిగిలిన మెట్టు కూడా కొలనులోకే పోతుంది. అన్న తాగడు. చెయ్యి తొట్టి అంచు దాకా పోయి వెనక్కి వచ్చింది.

మళ్ళీ కొస వైపు చూశాడు. ఈసారి గట్టు మీద తలపాగా లేదు. ఎంత కళ్ళు చించుకున్నా లేదు.

మూడో జాము సగం గడిచేసరికి రాజు కళ్ళు బైర్లు కమ్మాయి. ఎదురుగా తొట్టి నిండా నీళ్ళు. వాటి మీద సింహం ముద్ర గిన్నె ఇంకా నిండకుండా తాపీగా తేలుతోంది. రాజు దానివైపు చాలాసేపు చూశాడు. తర్వాత కట్ట కింద ఎండిన కాలువను చూశాడు. దాని పక్కన వంగిపోయిన రాగి వెన్నులను చూశాడు. రెండు రోజులు తాను తీసుకున్న ఒక్కొక్క గిన్నె ఎంత పొడుగుదో ఒంటితో తెలిసింది.

"తిప్పన్నా..." అన్నాడు. గొంతు పెగల్లేదు. "ఆ రాగి గిన్నె... తెప్పించు."

"ఎవరి కోసం ప్రభూ?"

"నా కోసం."

"తమరి ఒక్కరి కోసమేనా?"

రాజు కళ్ళు మూసుకున్నాడు. "అందరి కోసం. ఇకమీదట రాజు గడియైనా రైతు గడియైనా ఆ గిన్నెదే. ఇది నా శాసనం. తెప్పించరా బాబూ!"

తిప్పన్న తన అంగవస్త్రంలోంచి రాగి గిన్నెను తీశాడు. నిన్న సాయంత్రం అన్న పక్కన నుంచి ఎత్తుకొచ్చింది. తొట్టిలో వేశాడు. గడియలో అది బుడుంగున మునిగింది.

కట్ట దద్దరిల్లేలా జనం కేకలు వేశారు. రాజు లేచి, తొట్టిలోని నీళ్ళనే దోసిళ్ళతో తాగాడు. గడ్డం మీద నుంచి నీళ్ళు కారుతుంటే ఒక్కసారిగా నవ్వు మొదలుపెట్టాడు. ఆ నవ్వులో దర్పం లేదు. దెబ్బ తిన్నవాడు దెబ్బను మెచ్చుకునే నవ్వు.

"ఓరి గడుగ్గాయీ! ఏనుగులకు లొంగని గజసింహుణ్ణి వాడి గిన్నెలోనే ముంచావు కదరా! ఈ బంగారు గిన్నె నీదే. ఇంకేం కావాలో అడుగు!"

హాస్యగాడు కాబట్టి తిప్పన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు.

"ఇప్పుడే తూము తీయించండి. దారిలో ఒక్క మడవ తెరవకుండా నీళ్ళు ముందు కొస మడికే పోవాలి."

తూము తీశారు. నీళ్ళ మొన కాలువలోకి దిగింది. తిప్పన్న దాని పక్కనే నడిచాడు. పరిగెత్తి ఏం లాభం? మడికి నీళ్ళు చేరకుండా తాను ముందు పోయినా అన్న తాగడు. మూడు రోజులుగా ఎండిన నేల, ప్రతి అడుగుకూ ఆగి తాగి కానీ నీళ్ళను ముందుకు వదల్లేదు. నెర్రెలన్నీ నోళ్ళు తెరిచాయి. "నడవమ్మా, తల్లీ, నడువు" అంటూ చేతులతో చెత్త తీస్తూ, మట్టి తోస్తూ, ఏడుస్తూ నడిచాడు.

లింగక్క గట్టు కింద కూర్చుని ఉంది. కదిరప్ప తల ఆమె ఒడిలో ఉంది. పక్కన ముంత నిండా నీళ్ళున్నాయి. వాటిలో ఒక్క చుక్క తగ్గలేదు.

"నడిపొద్దు దాటినాక పడిపోయినాడన్నా" అంది. "ముంత నోటి కాడ పెట్టినా. పళ్ళు బిగబట్టినాడు. 'మడి తడిసిందా' అని అడిగినాడు. తడిసింది పెద్దన్నా, తాగు అని అబద్ధం చెప్పినా. చెయ్యి చాపి మట్టి తడిమి చూసినాడు. నా దిక్కు చూసి నవ్వినాడు. అంతే."

నీళ్ళు మడవ దాటి మడిలోకి వచ్చాయి. రాగి మొదళ్ళ చుట్టూ తిరిగి, గట్టు వార చాచి ఉన్న ఆ చేతి దాకా వచ్చి, వేళ్ళను తడిపాయి. తిప్పన్న ముంత ఎత్తి అన్న నోట్లో నీళ్ళు పోశాడు. అవి చెంప మీదుగా జారి మట్టిలోకి పోయాయి.

మర్నాడు రాజు నడిచి వచ్చాడు. గొడుగు లేదు, భట్టు లేడు. తిప్పన్న గట్టు మీద, అన్న కూర్చున్న చోటనే కూర్చుని ఉన్నాడు. రాజు గట్టు ఎక్కి అతని పక్కన నిలబడి అడిగాడు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదరా?"

"చెప్పాను ప్రభూ. ఈ సింహానికి కొస మళ్ళు కనబడవని నిండు కొలువులో చెప్పాను. తమరు నవ్వారు."

రాజు తల వంచుకున్నాడు. "నవ్వేట్టు చెప్పావు కదరా" అన్నాడు మెల్లగా. "ఏడుస్తూ చెప్పివుంటే..."

ఆ మాట రాజు ముగించలేదు. ఏడుస్తూ చెప్పివుంటే ఆయన వినేవాడో వినేవాడు కాడో ఆయనకే తెలియదు. తిప్పన్నకు అసలే తెలియదు. బతికినంత కాలం అతన్ని తొలిచింది అదొక్కటే.

కొలను పూడ్చి అక్కడ గడ్డి వేశారు. రాజు ఇచ్చిన బంగారు గిన్నెను తిప్పన్న ఇంటికి తీసుకుపోలేదు. తూము పక్కన తొట్టి గూట్లో ఉంచాడు, కళ్ళుండీ చూడని సింహం ఎలా ఉంటుందో వచ్చేపోయేవాళ్ళు చూసుకోవడానికి. తాను మళ్ళీ కొలువుకు పోలేదు. రాగి గిన్నె తీసుకుని నల్లమిట్ట చెరువుకు నీరుగట్టి అయ్యాడు. రాజు ఎన్నిసార్లు కబురంపినా ఒకటే జవాబు: "కొస మడి తడవనివ్వండి, వస్తాను."

ఆ ఏడు పదహారు మళ్ళలోనూ గింజ గట్టిపడింది. లింగక్క తొలి పిడికెడు రాగులు దంచి సంకటి చేసి, కదిరప్పను పూడ్చిన చోట ఒక ముద్ద పెట్టింది. దాని పక్కన ముంతతో నీళ్ళు పెట్టింది.

రాజును వాడి గిన్నెలోనే ముంచిన తిప్పన్న కథను కోటలో ఇప్పటికీ చెప్పుకుని కడుపుబ్బ నవ్వుకుంటారు. నల్లమిట్ట చెరువు కింద కూడా చెప్పుకుంటారు కానీ అక్కడెవరూ నవ్వరు. చెప్పడం అయ్యాక ఎవరో ఒకరు లేచి, కొస మడి తడిసిందో లేదో చెయ్యి పెట్టి చూసి వస్తారు.